అవే పది నోళ్ళు

పొద్దున్నే వాన తెరిపిచ్చింది. షైరూన్ ఇంటి కింద మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద ఇనప మూకుడు పెట్టి గుమ్మడికాయ ముక్కలు మగ్గబెడుతోంది. ఆ తీరంలో ఇళ్ళన్నీ కట్టె స్తంభాల మీద ఎత్తుగా నిలబడి ఉంటాయి. పైన పడుకోవడం, కింద బతకడం. ఊయల, బల్ల, పొయ్యి, కోళ్ళ గంప అన్నీ కిందే. పెరడు దాటితే కాలువ, కాలువ దాటితే వరి మళ్ళు, మళ్ళు దాటితే కట్ట, కట్ట అవతల సముద్రం. ఆ ఊరికి పేరు లేదు, నంబరు ఉంది. ఎనభై తొమ్మిది. సముద్రం కన్నా ఊరు పల్లం. ఈ సంగతి గయానాలో ఎవరూ పనిగట్టుకుని తల్చుకోరు.

"ఉప్పు చూశావా?" ఊయల్లోంచి కయూం గొంతు.

"చూశాను."

"మనింట్లో తినేట్టే ఉండాలన్నాడు మసీదు మియాజీ. తగ్గించకూడదట. అలాగని పెళ్ళి భోజనమూ అక్కర్లేదట."

"మనింట్లో తినేదే వండుతున్నా. పద్దెనిమిదేళ్ళుగా నువ్వు వంక పెట్టి పెట్టి తింటున్నదే."

కయూం నవ్వాడు. ఆ నవ్వు సగంలో దగ్గయిపోయింది. షైరూన్ గరిట వదిలేసి సత్తు బేసిను పట్టుకుని పరిగెత్తింది. అతని మెడ వెనక చెయ్యేసి వంచింది. నోట్లోంచి, ముక్కులోంచి నీళ్ళు. టీ రంగు నీళ్ళు, కాలువ బురద వాసన, కాస్త ఉప్పు వాసన. బేసిను సగం నిండాక దగ్గు ఆగింది. నీళ్ళలో గోరంత రొయ్య పిల్ల ఒకటి గింగిరాలు తిరుగుతోంది. బతికే ఉంది.

ఆమె దాన్ని చూడనట్టే పట్టుకెళ్ళి పెరట్లో పారబోసింది. కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి. రెండడుగుల దూరంలో ఆగి, మెడలు సాచి చూసి, వెనక్కి వెళ్ళిపోయాయి.

నలభై రోజులుగా ఇదే. ముందు పాదాలు వాచాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత పొట్ట కుండలా లేచింది. పట్నం ఆసుపత్రిలో డాక్టరు వీపులో సూది గుచ్చి రెండు సీసాల నీళ్ళు తీశాడు. సీసా వెలుతురుకు పెట్టి చూసి, "ఈమధ్య ఎక్కడైనా మునిగావా?" అనడిగాడు. లేదన్నాడు కయూం. ఇంటికొచ్చేసరికి తీసినవన్నీ మళ్ళీ నిండాయి. ఇప్పుడు పడుకోలేడు. కూర్చునే నిద్ర. ఊయల్లో ఇటు నుంచి అటు ఒత్తిగిల్లితే, సగం నిండిన పీపాలో లాగా లోపల నీళ్ళు తప్పున కొట్టుకోవడం షైరూన్‌కి పొయ్యి దగ్గరికి వినిపిస్తుంది. నిన్న రాత్రి ఆమె చెవి ఆనించి విన్నది. నీళ్ళు గొంతు గుంటకి రెండు వేళ్ళ కిందికొచ్చాయి.

ఇంకో రెండు రోజులు. మహా అయితే మూడు. ఆ తర్వాత పొడి నేల మీద, మంచం మీద కూర్చునే మునిగిపోతాడు మొగుడు.

ఇదంతా ఎందుకో షైరూన్‌కి తెలుసు. తెలుసని కయూంకి తెలీదు.

నెలన్నర కిందట, ఒక సాయంత్రం ఆమె అతనికి అన్నం క్యారేజీ పట్టుకుని కట్ట మీద నడుస్తోంది. కోతకొచ్చిన వరి నీళ్ళలో నిలబడి ఉంది. నీళ్ళు సముద్రంలోకి వదిలే పెద్ద తూము దగ్గర కయూం అరుస్తున్నాడు. తూము కాపలా హలీం చేతులు అడ్డం పెట్టి, "సముద్రం పోటు మీదుంది కయూం భయ్యా. ఇప్పుడు తలుపెత్తితే ఉప్పునీళ్ళే లోపలికొస్తాయి. అందరి చేలూ పోతాయి. మూడు గంటలాగు, టీ తాగి రా," అంటున్నాడు. నవ్వుతూనే అంటున్నాడు. కయూం తలుపు తిప్పే ఇనప పిడి పీకి అతని తల మీద కొట్టాడు. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టయింది. హలీం నీళ్ళలో పడ్డాడు. పడి, గట్టు పట్టుకుని పైకొచ్చాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. కయూం ఆ తల మీద కాలు పెట్టాడు. పెట్టి, బస్సు కోసం నిలబడ్డవాడిలా అలాగే నిలబడ్డాడు... చాలాసేపు.

షైరూన్ క్యారేజీ గట్టు మీద పెట్టి, వచ్చిన దారినే ఇంటికొచ్చి, దీపం వెలిగించింది.

శవం దొరకలేదు. ఎవత్తెతోనో నది దాటి సురినాం పోయుంటాడని ఊళ్ళో ఒకడన్నాడు, పదిమంది అన్నారు. హలీం తల్లి హమీదన్ నానీ మాత్రం మూడో రోజు మసీదుకొచ్చి కూర్చుంది. కళ్ళల్లో పొరలు, మనుషుల్ని గొంతు బట్టి గుర్తుపడుతుంది. "వీళ్ళ వాగుడు నాకొద్దు. కయూం ఆ సాయంత్రం తూము వైపు పోయాడు. వాణ్ణి ఖురాన్ మీద చెయ్యేసి చెప్పమనండి, చాలు," అంది. కయూం చెయ్యి వేశాడు. "అల్లా మీద ఒట్టు. ఆ రోజు నేను హలీంని చూడనే లేదు."

"సరే నాయనా," అంది ముసలామె. "నువ్వు ఒట్టేశాక నాకింకేం కావాలి."

తెర వెనక ఆడవాళ్ళలో కూర్చున్న షైరూన్ తన కాలి గోళ్ళు చూసుకుంటూ ఉండిపోయింది. ఆ రాత్రే అతని పాదాలు వాచాయి.

పోయిన వారం కయూం మియాజీ దగ్గరికెళ్ళాడు. "ఒట్టు తప్పాను. దీనికేమైనా దారుందా?" అన్నాడు. అంతే అన్నాడు. మియాజీ కుర్రవాడు, మంచివాడు. మసీదులో వేసిన ఒట్టు అతనికి తట్టనే లేదు. ఏ సిగరెట్టు మానేస్తాననో ఒట్టేసి తప్పుంటాడనుకున్నాడు. "దీనికి కఫారా ఉంది భయ్యా, పరిహారం, కంగారుపడకు. పదిమంది బీదవాళ్ళకి రెండు పూటలు కడుపు నిండా పెట్టు," అని చెప్పి పంపించాడు.

మధ్యాహ్నం నమాజయ్యాక మియాజీ వెంట పదిమందీ వచ్చారు. ముందుగా సుబ్రాతీ చాచా, నలభయ్యేళ్ళు చెరుకు నరికి నరికి ఎండుగడలాగే అయిపోయిన మనిషి. వెనకే వలలు బాగుచేసే ముసలి నల్లాయన బ్రాత్‌వెయిట్. విధవరాళ్ళయిన అక్కచెల్లెళ్ళు ఇద్దరు. కుంటుకుంటూ ఒకరు, మూలుక్కుంటూ ఒకరు. చివర్న, స్తంభాలు తడుముకుంటూ హమీదన్ నానీ.

ఆమెని చూడగానే కయూం షైరూన్ పక్కకొచ్చాడు. "ఈమెనెవరు పిలిచారు?" అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

"మియాజీ. ఊళ్ళో ఈమె కన్నా బీదవాళ్ళెవరున్నారు?" అంది షైరూన్ అంతే మెల్లిగా. "కొడుకు పోయాక పొయ్యి వెలిగించిందే లేదట."

బ్రాత్‌వెయిట్ టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. "నేను ఆదివారం చర్చికి పోయేవాణ్ణి మియాజీ. నా పొట్ట మీ లెక్కలోకొస్తుందా?"

"పైన పొట్టలు కోసి చూస్తారా ఏం? కూర్చోవయ్యా," అన్నాడు సుబ్రాతీ చాప మీద చోటిస్తూ. తర్వాత కయూం వైపు తిరిగాడు. "ఏం ఒట్టు తప్పావురా? సారా మానేస్తానన్నావా? అలాంటివి నేను రోజుకు రెండు తప్పుతాను. ఆ లెక్కన నేను ఊరంతటికీ వండాలి."

అందరూ నవ్వారు. కయూం కూడా పెదాలు సాగదీశాడు. తన చేత్తోనే వడ్డించాడు. అన్నం, పప్పు, గొడ్డు మాంసం కూర, రొయ్యలేసిన గుమ్మడికాయ. పక్కన ఉసిరికాయంత ఎర్ర మిరపకాయలు. హమీదన్ పళ్ళెంలో మాత్రం ఆమె మొహం వైపు చూడకుండా వడ్డించాడు.

"గుమ్మడికాయా?" అందామె వాసన పీల్చి. "హలీంకి ప్రాణం."

ఆమె తల మీది ఓణీ ముందుకు లాక్కుని, మొహమూ పళ్ళెమూ కనబడకుండా కప్పుకుని తలొంచింది.

అప్పుడు మొదలైంది. సుబ్రాతీ పళ్ళెం నాకి కింద పెట్టాడు. కయూం ఛాతీ మీంచి ఎవరో మోకాలు తీసేసినట్టు ఒక ఊపిరి పైకొచ్చింది. బ్రాత్‌వెయిట్ వేళ్ళు చప్పరించాడు. ఇంకో ఊపిరి. అక్కచెల్లెళ్ళు ముగించారు. పొట్ట దిగింది. షైరూన్ చెవులు అటే పెట్టి వింటోంది... ఆ తప్పు తప్పుమనే చప్పుడు సన్నబడుతోంది. ఎనిమిది. తొమ్మిది. హమీదన్ ఓణీ కింద నుంచి ఖాళీ పళ్ళెం బయటికొచ్చింది. కయూం బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. నలభై రోజుల్లో మొదటిసారి. పడుకుని, పైకప్పు చూస్తూ, చిన్నపిల్లాడిలా కిలకిలా నవ్వాడు.

షైరూన్ పొయ్యి వైపు తిరిగి కొంగులో మొహం దాచుకుంది.

వెళ్ళబోతూ మియాజీ అన్నాడు. "సాయంత్రం అసర్ నమాజు దాటాక రెండో పూట. గుర్తుంది కదా, వీళ్ళే రావాలి. అవే పది నోళ్ళు. ఒక్క నోరు మారినా, తగ్గినా, మధ్యాహ్నం తిన్నది కూడా చెల్లదు."

"వస్తారు," అన్నాడు కయూం. "ఎందుకు రారు?"

సాయంత్రానికి వాన మళ్ళీ దిగింది. ఆకాశం కట్ట మీదికి వంగిపోయింది. కరెంటు పోతే షైరూన్ స్తంభానికి లాంతరు తగిలించి, కోడికూరా రొట్టెలూ సర్దింది. ఒక్కొక్కరే వచ్చారు. మధ్యాహ్నం వెళ్ళిన మనుషులు కారు వీళ్ళు. బరువుగా, కాళ్ళు ఈడుస్తూ, బురదలోంచి పీక్కుంటూ నడిచినట్టు వచ్చి కూలబడ్డారు.

"కాళ్ళు లాగుతున్నాయమ్మా," అన్నాడు బ్రాత్‌వెయిట్. "ముసలితనం కాబోలు."

అక్కచెల్లెళ్ళలో పెద్దామె చేతి గాజులు తిప్పుకుంటోంది. గాజులు కదలడం లేదు. మణికట్టు వాచి గాజుల మధ్య మాంసం పొంగింది. షైరూన్ లాంతరు కాస్త కిందికి దించి వాళ్ళ పాదాలు చూసింది. చూసి, మళ్ళీ లాంతరు పైకెత్తేసింది.

"తొమ్మిదే," అన్నాడు కయూం. "సుబ్రాతీ ఏడి?"

"పడుకున్నాడు. లేవలేనన్నాడు," అని మూలనుంచి ఎవరో.

"లేవలేడా?" కయూం వానలోకి దిగాడు.

తిరిగొచ్చేటప్పుడు కాలువ గట్టు మీద షైరూన్‌కి ముందు కనబడింది కయూం వీపు. వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. చేతుల్లో దేన్నో ఈడుస్తున్నాడు. దగ్గరికొచ్చాక... అది సుబ్రాతీ జుట్టు. మనిషి మడమలు బురదలో రెండు చాళ్ళు తీసుకుంటూ వస్తున్నాయి. ఎండుగడ లాంటి మనిషికి పొట్ట తొమ్మిది నెలల పొట్టలా ఉంది. పెదాలు నీలం.

"వద్దురా నాయనా... నిండిపోయింది... లోపలంతా..."

"నాలుగు ముద్దలు. నాలుగే. మింగు, వదిలేస్తా."

"నీళ్ళురా... కయూం... నీళ్ళు..."

కయూం అతన్ని చాప మీద పడేసి ఛాతీ మీద ఎక్కి కూర్చున్నాడు. రొట్టె తుంచి, కూరలో ముంచి, దవడలు నొక్కి నోట్లో కుక్కాడు. సుబ్రాతీ తల అడ్డంగా విదిల్చాడు. కయూం ఆ తలని రెండుసార్లు నేలకేసి కొట్టాడు. మళ్ళీ కుక్కాడు. వేళ్ళు గొంతు దాకా పోయాయి. పన్ను ఒకటి విరిగి చాప మీద పడింది. షైరూన్ అతని భుజం పట్టుకుని లాగింది. మోచెయ్యి వచ్చి మూతికి తగిలింది. కింద పడింది. నోట్లో రక్తం ఉప్పగా.

"చచ్చిపోతాడు, వదులు..."

"తినకపోతే నేను చస్తాను."

సుబ్రాతీ కాళ్ళు చాపని తన్నాయి. తన్ని... తన్ని... ఆగాయి. అప్పుడొచ్చింది లోపలున్నది. నోట్లోంచి, ముక్కులోంచి, కళ్ళ అంచుల్లోంచి కూడా. టీ రంగు నీళ్ళు. రొట్టె ముక్కలు వాటి మీద తేలుతూ పొయ్యి దాకా పోయాయి. నిప్పులు చుయ్‌మన్నాయి.

కయూం లేచాడు. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "మింగాడు. ఒక ముద్ద మింగాడు. మీరంతా చూశారు."

వానలో గొడుగుతో మియాజీ అప్పుడే వచ్చి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో ఏమో. గొడుగు వదిలేసి సుబ్రాతీ మీదికి వంగాడు. నోటి దగ్గర వాసన చూశాడు. తలెత్తాడు.

"ఇంట్లో పడుకున్న మనిషి కాలువలో ఎలా మునిగాడు?"

బ్రాత్‌వెయిట్ దగ్గాడు. ఆయన పళ్ళెంలో నీళ్ళు పడ్డాయి. తర్వాత పెద్ద విధవరాలు. తర్వాత చిన్నామె. మధ్యాహ్నం ఏ వరసలో పళ్ళాలు కింద పెట్టారో... ఆ వరసలోనే.

మియాజీ మెల్లిగా నిలబడ్డాడు. "కయూం భయ్యా. నేను అడగాల్సింది అడగలేదు. నువ్వు తప్పింది ఏ ఒట్టు? ఇకముందు ఫలానాది చేస్తానని వేసి చెయ్యలేకపోయావా? లేకపోతే జరిగిపోయినదాని మీద, తెలిసి తెలిసి, అబద్ధపు ఒట్టేశావా?"

"ఒట్టు ఒట్టే. తేడా ఏముంది?"

"మొదటిదానికి పదిమంది కడుపు నింపితే తీరుతుంది. రెండోదానికి ఊరంతటికీ పెట్టినా తీరదు. దాని పేరే ముంచే ఒట్టు. వేసినవాణ్ణి ముంచుతుంది."

"అబద్ధం. నాకు తగ్గింది. మధ్యాహ్నమే తగ్గింది. నా పెళ్ళాన్నడుగు."

"తగ్గిన నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

వాన చప్పుడు. దగ్గులు. చాప మీద నీళ్ళు జారుతున్న చప్పుడు.

"ఎవరితో అబద్ధమాడావో వాళ్ళ మొహాన నిజం చెప్పు," అన్నాడు మియాజీ. "వేరే దారి లేదు. ఇప్పుడే చెప్పు, లేకపోతే వీళ్ళంతా చస్తారు."

కయూం ఆలోచించాడు. షైరూన్‌కి అతని మొహం తెలుసు. బజార్లో బేరం నచ్చినప్పుడు ఇలాగే కనుబొమలు పైకి లేస్తాయి. గుండెల నిండా ఒక ఊపిరి పీల్చి, రుచి చూసినట్టు వదిలాడు. స్తంభానికి వేలాడుతున్న కొబ్బరికాయల కత్తి తీశాడు. వెనక వైపుతో మియాజీ దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడయింది. మియాజీ సుబ్రాతీ పక్కన పడ్డాడు.

"తినండి," అన్నాడు. "అందరూ. పళ్ళాలు ముందుకు లాక్కోండి."

బ్రాత్‌వెయిట్ లేవబోయాడు. కత్తి దిగింది. ముసలాయన చెవి సగం తెగి భుజం మీద పడింది. ఆయన అరవలేదు, అరవడానికి నోట్లో ఖాళీ లేదు. కూర్చుని, రొట్టె తుంచి, నీళ్ళు కారుతున్న నోట్లో పెట్టుకున్నాడు. మిగతావాళ్ళూ పెట్టుకున్నారు. లాంతరు కింద తొమ్మిది నోళ్ళు. ఏడుస్తూ, దగ్గుతూ, నములుతూ...

తొమ్మిదిలో ఒక నోరు మాత్రం దగ్గడం లేదు.

"షైరూన్." హమీదన్ నానీ గొంతు. మామూలుగా ఉంది. "ఎక్కడున్నావు, బిడ్డా?"

"ఇక్కడే, నానీ."

"నాకేమీ కనబడదు. చప్పుళ్ళు మాత్రం వినబడుతున్నాయి. నువ్వు చెప్పు. ఆ రోజు నా కొడుకు నీ మొగుడి కంటపడ్డాడా?"

కయూం తల తిప్పి పెళ్ళాన్ని చూశాడు. కత్తి కొన నుంచి బొట్లు పడుతున్నాయి. కానీ ఆ చూపులో బెదిరింపు లేదు. బతిమాలుతున్నాడు. నీకెలా తెలుసు అని కూడా అడగలేదు ఆ చూపు. తెలుసని అతనికి ఎప్పట్నుంచో తెలుసేమో.

ఒక్క మాట. పడ్డాడు అంటే చాలు. ఎనిమిది మంది ఊపిరి పీల్చుకుంటారు, ఇతనొక్కడు మునుగుతాడు. పద్దెనిమిదేళ్ళు పక్కన పడుకున్న ఒళ్ళు. మధ్యాహ్నం బల్ల మీద ఆ నవ్వు. చిన్న విధవరాలు చేతులు చాచి షైరూన్ వైపే చూస్తోంది, కళ్ళు బయటికొచ్చేస్తున్నాయి.

"లేదు, నానీ," అంది షైరూన్.

"ఒట్టు?"

"అల్లా మీద ఒట్టు. అతను చూడలేదు."

"సరే, బిడ్డా." ముసలామె నిట్టూర్చి చేతికర్ర ఊతతో లేచింది. చప్పుడు బట్టి కయూం ముందుకొచ్చింది. అతని మోచేతి దాకా కూడా రాదు. "నేను నిన్ను అనుమానించాను నాయనా. పాపం చుట్టుకుంటుంది నాకు. పొద్దుట్నుంచి అందరికీ పెడుతున్నావు, నువ్వేమన్నా తిన్నావా?"

కయూం కత్తి కిందికి దించాడు. "లేదు."

"నా చేతి ముద్ద తింటే నేను నమ్మినట్టే. నీకూ నాకూ ఏమీ మిగలదు. నోరు తెరువు."

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మామూలు నీళ్ళే. ఆమె ఓణీ చెంగు ముడి విప్పింది. చల్లటి అన్నం, గుమ్మడికాయ కలిపి నొక్కిన ముద్ద. పిచికలకి పెట్టినట్టు మెల్లిగా అతని నోట్లో పెట్టింది. అతను నమిలాడు. మింగాడు.

"ఇది..." అన్నాడు. "ఇది మధ్యాహ్నం కూర కదా."

"అవును. నేను తినలేదు. చెంగులో కట్టుకుపోయాను. ఇంట్లో వాడున్నాడుగా." హమీదన్ అతని తల నిమురుతోంది. "నలభై రోజులుగా సాయంత్రం కాగానే వచ్చి గుమ్మంలో కూర్చుంటాడు. ఏం నాయనా అంటే పలకడు. నోటి నిండా నీళ్ళు. ఇవాళ నీ అన్నం తిన్నాడు. తినగానే నోరు ఖాళీ అయింది. అంతా చెప్పాడు. నువ్వు తిన్నది వాడి ఎంగిలి."

ఎనిమిది దగ్గులూ ఒక్కసారే ఆగిపోయాయి.

కయూం లేవబోయాడు. లేవలేదు. పొట్ట లేచింది. చొక్కా గుండీలు తెగి పొయ్యి రాళ్ళకి తగిలాయి. నోరు తెరిచాడు, మాట బదులు నీళ్ళు దూకాయి. కత్తి పిడితో తన ఛాతీ మీద తానే బాదుకున్నాడు. పక్కటెముకలు ఒకటొకటే విరుగుతుంటే వినబడుతోంది... ఇంకా బాదుకున్నాడు. స్తంభానికి తల కొట్టుకున్నాడు. గోళ్ళు సిమెంటు మీద గీరుకున్నాయి, ఊడాయి. షైరూన్ అతన్ని బోర్లా తిప్పి వీపు మీద గుద్దింది, ఒళ్ళో వేసుకుంది, నోట్లో వేళ్ళు పెట్టి తోడింది. నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఒక మనిషిలో పట్టేన్ని కాదు. చేనంత. కాలువంత. అతని కళ్ళు ఆమె కళ్ళలోకి చూస్తూ చూస్తూ చేప కళ్ళయ్యాయి.

ఎప్పుడు ఎవరు వెళ్ళిపోయారో ఆమెకి తెలీదు. బ్రాత్‌వెయిట్ చెవి పట్టుకుని, ఇంకో చేత్తో మియాజీని భుజాన వేసుకుని పోవడం మాత్రం కనబడింది. తర్వాత లాంతరు, రెండు శవాలు, వాన. వాన కూడా ఆగింది.

హమీదన్ నానీ పోలేదు. బల్ల మీద కూర్చుని ఉంది, బస్సు లేటయిన మనిషిలా.

"మిగిలిందేమన్నా ఉంటే కట్టివ్వు, బిడ్డా."

షైరూన్ లేచింది. ఎందుకు లేచిందో తెలీదు. చేతులు వాటంతటవే గరిట అందుకున్నాయి. "ఎంతమందికి, నానీ?"

"నేను బయల్దేరేటప్పుడు వాడొక్కడే. తోడు ఇంకొందర్ని తెస్తానన్నాడు. ఎవరో నాకు తెలీదు. ఎప్పుడెప్పుడు మునిగినవాళ్ళో. నీ పేరు చెప్పాట్ట, నీ చేతి వంటే కావాలన్నారట." ముసలామె చెవి రిక్కించి, పెరటి వైపు తిరిగి చిన్నగా విసుక్కుంది. "ఇంటి దగ్గరుండమంటే వినరు. ఇక్కడికే వచ్చేశారు."

పెరట్లో ఎవరూ లేరు. సిమెంటు మొదలయ్యే చోట, లాంతరు వెలుగు ఆగిపోయే గీత దగ్గర, భోజనానికి కూర్చోబోయే మనిషి తడి చెప్పులు విప్పిన చప్పుడయింది. ఒక జత. పక్కనే ఇంకో జత.

షైరూన్ గరిట పట్టుకుని వింటూ నిలబడింది. పది జతలయ్యాయి.

ఇంకా విప్పుతూనే ఉన్నారు.